బరువు ఆపరేషన్ తర్వాత పిత్తాశయం తీయించుకుంటున్నారా? మళ్లీ బరువు పెరగకుండా ఆ ఆరు వారాలు ఇలా గడపండి

బరువు తగ్గే ఆపరేషన్ అయిన ఏడాది, ఏడాదిన్నర లోపు పిత్తాశయంలో రాళ్లు బయటపడినవారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇంత కష్టపడి తగ్గించుకున్నాను, ఇప్పుడు పిత్తాశయం కూడా తీసేస్తే మళ్లీ మొదటికి వస్తానా?" అని. నల్లగొండ వైపు నుంచి అడిగినా, మహబూబ్‌నగర్ వైపు నుంచి అడిగినా భయం ఇదే కాబట్టి సమాధానం ముందే చెబుతాను. పిత్తాశయం తీసినంత మాత్రాన బరువు పెరగదు. ఆపరేషన్ తర్వాత కొందరి బరువు పెరిగే మాట నిజమే గానీ, దానికి కారణం తీసేసిన పిత్తాశయంలో కంటే ఆ తర్వాత ఇంట్లో పెట్టే పథ్యంలోనే ఎక్కువగా దొరుకుతుంది. నొప్పి భయంతో నెలల తరబడి సగం కడుపుతో ఉన్నవారు, నొప్పి పోగానే ధైర్యంగా తినడం మొదలుపెట్టడం మరో కారణం.

శాస్త్రం ఇక్కడ ఒక్క పేరా చాలు. పిత్తరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని నిల్వ ఉంచే తిత్తి మాత్రమే. ట్యాంకు తీసేసినా బోరు నీళ్లు నేరుగా పైపులోకి వచ్చినట్టే, పిత్తాశయం లేకపోయినా పిత్తరసం పేగులోకి వస్తూనే ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో మీ స్లీవ్‌ను (జీర్ణాశయాన్ని కోసి సన్నని గొట్టంలా చేసినది) గానీ బైపాస్‌ను (చిన్న పొట్ట చేసి, దాన్ని నేరుగా పేగుకు కలిపి దారి మళ్లించినది) గానీ ఎవరూ ముట్టుకోరు, కాబట్టి చిన్నదైన పొట్ట చిన్నదిగానే ఉంటుంది. ఇక రాళ్లు ఎందుకు వచ్చాయంటే, బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వులోని కొలెస్టరాల్ ఎక్కువగా పిత్తంలోకి చేరుతుంది. తిండి తగ్గడంతో పిత్తాశయం సరిగా ముడుచుకోక ఆ పిత్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు. బరువు ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నెలలు చాలామంది సర్జన్లు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాసేది దీన్ని నివారించడానికే. పిత్తాశయం తీశాక సాధారణంగా ఆ మాత్రల అవసరం ఉండదు, అయినా ఆపే ముందు ఒక మాట అడగండి.

దగ్గర ఉంచుకోవలసినవి

బరువు ఆపరేషన్ నాటి డిశ్చార్జ్ కాగితం అన్నిటికంటే ముఖ్యం. స్లీవా, బైపాసా, మినీ బైపాసా (ఒకే అతుకుతో చేసే బైపాస్) అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. "పొట్ట చిన్నగా చేశారు" అని నోటితో చెబితే జిల్లా ఆసుపత్రిలోని డాక్టరుకు సరిపోదు. దాంతోపాటు కొత్త అల్ట్రాసౌండ్, రక్తపరీక్షల రిపోర్టులు, వాడుతున్న మందులన్నిటి చీటీ పెట్టుకోండి. ఇంట్లో ఒక డిజిటల్ కాటా, కుట్టుపని టేపు, 200 మిల్లీలీటర్ల గీత ఉన్న గ్లాసు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. కాటా కొనలేనివారు మందుల దుకాణంలోని కాటా వాడవచ్చు, కానీ ప్రతిసారీ అదే దుకాణం, అదే కాటా కావాలి.

1. నొప్పి రాళ్లదేనా అని ముందు తేల్చుకోండి

పిత్తాశయం నొప్పి సాధారణంగా కుడి డొక్క కింద గానీ, రొమ్ము ఎముక కింది గుంటలో గానీ వస్తుంది. తిన్న తర్వాత, ముఖ్యంగా నూనె వస్తువులు తిన్న తర్వాత మొదలై అరగంట నుంచి కొన్ని గంటలు ఉండి తగ్గుతుంది, కొందరికి కుడి భుజం వెనక్కి పాకుతుంది.

బైపాస్ గానీ మినీ బైపాస్ గానీ అయినవారికి ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. బరువు బాగా తగ్గాక లోపలి సందుల్లో పేగు ఇరుక్కునే ప్రమాదం మీకు ఉంటుంది. ఆ నొప్పి కూడా వచ్చి పోతూ, అచ్చం రాళ్ల నొప్పిలాగే మోసం చేస్తుంది. స్కాన్‌లో రాళ్లు కనిపించినంత మాత్రాన నొప్పి వాటిదే అని నమ్మకండి. బొడ్డు చుట్టూ లేదా ఎడమ వైపు మెలిపెట్టే నొప్పి, దాంతో వాంతులు ఉంటే ఆ రాత్రికి రాత్రే సీటీ స్కాన్, సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి, తెల్లవారేదాకా ఆగకూడదు.

మరొక పొరపాటు మన ఊళ్లలో చాలా ఎక్కువ. రాళ్లు అనగానే కిడ్నీ రాళ్లనుకుని కొండపిండి ఆకు కషాయం ఇస్తారు. పిత్తాశయం దారి వేరు, మూత్రం దారి వేరు. ఆ కషాయం మూత్రంలోకి వెళుతుందే గానీ పిత్తాశయంలోని రాయిని తాకదు. కళ్లు పచ్చబడితే పసరు మందుకు వెళ్లడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే రాయి పిత్తనాళంలోకి జారి అడ్డుపడినప్పుడు వచ్చే కామెర్లకు పసరు పని చేయదు సరికదా, చీము పట్టేలోపు ఉన్న కొద్ది సమయం కాస్తా పోతుంది.

రాళ్లు ఉండి నొప్పి అసలే లేనివారికి చాలావరకు ఆపరేషన్ అవసరం ఉండదు. ఎవరో చేయించుకున్నారని మీరు తొందరపడనక్కరలేదు.

2. ఎక్కడ చేయించుకోవాలో రాయి ఉన్న చోటును బట్టి నిర్ణయించండి

రాళ్లు పిత్తాశయంలోనే ఉండి, కాలేయ పరీక్షలు మామూలుగా ఉంటే, లాప్రోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాల గుండా ఆపరేషన్) చేసే సర్జన్ ఉన్న ఆసుపత్రి మీ జిల్లా కేంద్రంలో ఉన్నా సరిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. భువనగిరి వైపు వారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. కామెర్లు వచ్చినా, రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పచ్చ పదార్థం) పెరిగినా, స్కాన్‌లో పిత్తనాళం వెడల్పుగా ఉందని రాసినా పరిస్థితి వేరు. మామూలు అల్ట్రాసౌండ్‌కు నాళంలోని రాళ్లు చాలాసార్లు చిక్కవు కాబట్టి ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపే ఎమ్మారై) స్కాన్ అడుగుతారు.

నాళంలో రాయి ఉంటే నోటి గుండా గొట్టం పంపి తీసే ఈఆర్‌సీపీ పద్ధతి స్లీవ్ అయినవారికి మామూలుగానే కుదురుతుంది. బైపాస్ అయినవారికి ఆ దారి మళ్లించి ఉంటుంది కాబట్టి నోటి గుండా అక్కడికి చేరడం చాలా కష్టం. పొట్టపై రంధ్రం చేసి, పక్కన పెట్టిన పాత జీర్ణాశయం గుండా గొట్టం పంపవలసి రావచ్చు. ఆ పని రోజూ చేసే బృందం దగ్గరికే వెళ్లాలి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. వీలైతే మీ బరువు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లడం మంచిది.

ఖర్చు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీ ఆపరేషన్ ఆ పథకం కింద ఆ ఆసుపత్రిలో చేస్తారా అన్నది చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి.

3. ఆపరేషన్‌కు ముందు చేయవలసినవి

ఆపరేషన్ ముందు వారంలో ఒక ఉదయం, కాలకృత్యాల తర్వాత, ఏమీ తినకముందు బరువు చూసి నోటుపుస్తకంలో రాయండి. ఇకపై పోలికంతా ఈ అంకెతోనే, ఎప్పుడో చూసిన అతి తక్కువ బరువుతో కాదు.

రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు, బరువు తగ్గడానికి వాడే ఇంజెక్షన్లు ఏవి ఉన్నా మత్తు డాక్టరుకు చెప్పండి. కొన్నిటిని రోజుల ముందే ఆపాలి. వాంతులతో కొన్నాళ్లుగా సరిగా తినలేకపోయినవారు ఆ మాట తప్పకుండా చెప్పాలి. బరువు ఆపరేషన్ అయినవారిలో ఎడతెగని వాంతులు బీ1 విటమిన్‌ను ఖాళీ చేస్తాయి, ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే మెదడుకు, నరాలకు హాని జరగవచ్చు. "సార్, నాకు బరువు ఆపరేషన్ అయ్యింది, వాంతులు అవుతున్నాయి, థయామిన్, అంటే బీ1, ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడకండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ పెట్టించుకునే అలవాటు ఉన్నవారు దీన్ని రెండుసార్లు చదవాలి.

4. మొదటి వారం: కాటా ఎక్కకండి, నీళ్లు మాత్రం మరవకండి

లాప్రోస్కోపీ అయితే చాలామందిని ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. పొట్టలో నింపిన గాలి వల్ల భుజం నొప్పి రెండు మూడు రోజులు ఉండవచ్చు, నడిస్తే తగ్గుతుంది. సెలైన్ వల్ల, గాలి వల్ల, నొప్పి మందులతో వచ్చే మలబద్ధకం వల్ల ఈ వారంలో ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపడం మామూలే. ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి కావలసిన దానికంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. నాలుగు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పెరగాలంటే 15 వేలకు పైగా కావాలి; మీ పొట్టలో అది పట్టనే పట్టదు. అందుకే పది రోజులు కాటాను మంచం కిందికి తోసేయండి.

స్లీవ్ ఉన్నవారు ఒక్కసారిగా నీళ్లు తాగలేరు. గీత గ్లాసు పక్కన పెట్టుకుని, గుటక గుటకగా, రోజుకు ఏడెనిమిది గ్లాసులు పూర్తి చేయండి. తిండితో పాటు తాగవద్దన్న పాత నియమం ఇప్పుడూ వర్తిస్తుంది.

నొప్పికి పారాసెటమాల్ వాడమంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ అయినవారికి అతుకు దగ్గర పుండు చేస్తాయి. మందుల దుకాణంలో "నొప్పి గోలీ" అని మాత్రమే అడిగితే ఇచ్చేవి తరచూ ఇవే, కాబట్టి పేరు చదివి తీసుకోండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం సున్నం రంగులో ఉన్నా, రోజురోజుకీ తగ్గవలసిన కడుపునొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. అచ్చంపేట, కొల్లాపూర్ వంటి దూరప్రాంతాలవారు మొదటి కొద్ది రోజులు పట్నంలోనో జిల్లా కేంద్రంలోనో బంధువుల ఇంట ఉండటం మేలు.

5. పథ్యాన్ని మార్చండి

బరువు పెరిగేదీ ఆగేదీ ఇక్కడే కాబట్టి ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

మన ఇళ్లలో కడుపు ఆపరేషన్ అయిన మనిషికి పథ్యమంటే ఏమిటి? పాలు, బ్రెడ్డు, ఇడ్లీ, చక్కెర వేసిన జావ, గ్లూకోజు నీళ్లు, పండ్ల రసం. పరామర్శకు వచ్చేవారి సంచిలో బిస్కెట్లు, కొబ్బరిబోండాలు. పప్పు, గుడ్డు, మాంసం మాత్రం కుట్లకు చీము పడుతుందని దగ్గరికి రానివ్వరు. బరువు ఆపరేషన్ అయిన మనిషికి ఇంతకంటే తలకిందులైన పథ్యం మరొకటి ఉండదు. గట్టి ఆహారాన్ని అడ్డుకోవడానికే మీ పొట్టను చిన్నగా చేశారు. తీపి ద్రవాలు ఆ అడ్డు దాటి జారిపోతాయి, ఎంత తాగినా నిండినట్టు అనిపించదు. బైపాస్ అయినవారికైతే వాటితో చెమటలు, గుండెదడ, నీళ్ల విరేచనాలు కూడా వస్తాయి. అదే సమయంలో మాంసకృత్తులు అందక కండ తగ్గుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. అత్తమ్మకో అమ్మకో ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, డిశ్చార్జ్ రోజున డాక్టరు చేతే చెప్పించండి.

డాక్టరు వేరే చెప్పకపోతే వరుస ఇలా ఉండవచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు తేట మజ్జిగ, పలుచటి పెసరకట్టు, వెన్న తీసిన పాలు, చక్కెర లేకుండా. ఆ తర్వాత వారం చివరిదాకా మెత్తగా ఉడికిన పెసరపప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన, చిదిపిన పనీర్. రెండో వారంలో మెత్తని చేప, బాగా ఉడికిన చికెన్, పప్పులో నానబెట్టిన చిన్న జొన్నరొట్టె ముక్క. మూడో వారం నుంచి ఉడికించిన గుడాలు, పల్లీలు, ఆకుకూరలు. ముద్ద ఎప్పుడూ మాంసకృత్తులతో మొదలుకావాలి. అన్నమో రొట్టెయో చివర, చోటుంటేనే.

మీ లక్ష్యం రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు. రెండు గుడ్లకు 12, కప్పు పెరుగుకు 6, చిక్కటి పప్పు కప్పుకు 8, ఉడికిన చికెన్ 75 గ్రాములకు 20, పనీర్ 50 గ్రాములకు 9, పిడికెడు పల్లీలకు 7, అన్నీ కలిపితే 62 అవుతాయి. మాంసం ముట్టనివారు సోయా ముద్దలు ఎండుగా 50 గ్రాములు వండుకుంటే 25 గ్రాముల దాకా వస్తాయి. అదీ పడనివారు చక్కెర లేని ప్రొటీన్ పొడిని డాక్టరును అడిగి వాడవచ్చు. రోజుకు ఐదుసార్లు తినండి, కానీ వేళలు ముందే రాసిపెట్టుకోండి. వేళ లేకుండా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉండటం పథ్యం పేరుతో మొదలై, పథ్యం అయిపోయాక కూడా పోదు.

బోన్ సూప్, పాయా షోర్వా బలమని పెడతారు. అందులో మాంసకృత్తులు మీరు అనుకున్నంత ఉండవు, పైన తేలే కొవ్వు మాత్రం ఉంటుంది. ఆ కొవ్వు తీసేసి, షోర్వా కాకుండా ముక్క తినండి.

6. నూనెను మానేయకండి, ఒకేసారి పోయకండి

నిల్వ తిత్తి లేనందున పిత్తం కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. ఒకేపూట ఎక్కువ కొవ్వు వస్తే కొందరికి కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు అవుతాయి. చాలామందిలో ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రోజుకు రెండు మూడు చెంచాల నూనెను పూటపూటకూ పంచండి. బగారా అన్నం, మటన్ దావత్ ఆరు వారాలు ఆగగలవు. అలాగని నూనె చుక్క లేకుండా నెలల తరబడి తింటే ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటపట్టవు, అసలే బైపాస్ అయినవారికి వాటి కొరత ఉంటుంది.

విరేచనాలు నెల దాటినా తగ్గకపోతే పిత్త లవణాలను పట్టే కొలెస్టిరమిన్ పొడి రాస్తారు. అది మిగతా మందులను, విటమిన్లను కూడా పట్టేస్తుంది. వాటిని ఈ పొడికి గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. విరేచనాలతో బరువు తగ్గుతోందని సంతోషించి చూపించుకోనివారు కూడా ఉన్నారు. పోయేది కొవ్వు కాదు, నీరూ లవణాలూ.

7. బరువు ఆపరేషన్ మాత్రలను మళ్లీ మొదలుపెట్టండి

ఆసుపత్రి హడావుడిలో ఆగిపోయే మాత్రలివి. మల్టీవిటమిన్, బీ12, డీ, ఐరన్, కాల్షియం సిట్రేట్, మీకు రాసినవన్నీ మింగగలిగిన రోజు నుంచే కొనసాగించండి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం కావాలి, ఐరన్‌ను చాయ్‌తో వేసుకోకూడదు.

8. పనిలోకి మెల్లగా వెళ్లండి

ఆపరేషన్ మరుసటి రోజు నుంచే ఇంట్లో నడక, పది రోజులకు పూటకు ఇరవై నిమిషాలు. నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్, ఎరువు బస్తా, పత్తి మూటలు నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ కాలం. కూలి పనికి వెళ్లేవారికి మరో లెక్క ఉంది: రోజంతా వంగి పనిచేసిన ఒళ్లు ఆరు వారాలు ఇంట్లో కూర్చుంటే కేలరీల ఖర్చు బాగా తగ్గుతుంది, తిండి మాత్రం పనిరోజుల లెక్కనే పెడతారు. కల్లు, మద్యం ఈ కాలంలో వద్దు. బైపాస్ అయినవారికి మద్యం త్వరగా ఎక్కుతుంది, అందులోని కేలరీలు ఎక్కడా లెక్కకు రావు.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

పది రోజుల తర్వాత వారానికి ఒక్కసారి, అదే రోజు, అదే వేళ, అదే కాటా మీద బరువు చూడండి. రోజూ చూసేవారికి ఉప్పు ఎక్కువైన ఒక కూర కూడా బెంగ పెడుతుంది. మూడో వారానికి ఆపరేషన్ ముందరి అంకె దగ్గరికి రావాలి. ఆరో వారంలో దానికంటే రెండు కిలోలకు పైగా ఉంటే నోటుపుస్తకం తీసి, మొదట తాగినవి, తర్వాత వేళ కాని వేళ తిన్నవి వెతకండి. నడుము కొలత పొట్ట వాపు తగ్గాక, అంటే మూడో వారం నుంచి, బొడ్డు దగ్గర తీసుకోండి. బరువు పెరిగి నడుము పెరగకపోతే అది నీరో మలబద్ధకమో కావచ్చు.

మరొక పరీక్ష తప్పక చేయండి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట అలాగే నిలిచిపోతే ఒంట్లో నీరు చేరింది. బైపాస్ అయినవారిలో మాంసకృత్తుల కొరతకు ఇదొక గుర్తు, దాన్ని లావెక్కడం అనుకుని తిండి ఇంకా తగ్గించడం అన్నిటికంటే చెడ్డ పొరపాటు. ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తు) పరీక్ష చేయించండి.

చివరి లెక్క బరువు ఆపరేషన్ నాటి నుంచి చేయాలి. ఆ ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి రెండేళ్ల మధ్య బరువు అడుగుకు చేరి, అక్కడి నుంచి కొద్దిగా పైకి రావడం మామూలు. పిత్తాశయం తీసింది ఆ సమయంలోనే అయితే నింద దాని మీద పడుతుంది. ఉదాహరణకు 118 కిలోల నుంచి 76కు వచ్చినవారు ఇప్పుడు 79 ఉంటే, తగ్గిన 42లో 3 కిలోలు తిరిగి వచ్చాయి. అది పదో వంతు కంటే తక్కువ, కంగారు అక్కరలేదు. పదో వంతు దాటి ఇంకా పెరుగుతుంటే ఆరు వారాల పరీక్షకు నోటుపుస్తకంతో వెళ్లి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లోని ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, ఆల్బుమిన్, కాలేయ పరీక్షలతో పాటు థైరాయిడ్ కూడా చూడమనండి. కొత్తగా మొదలుపెట్టిన స్టెరాయిడ్, ఇన్సులిన్ వంటి మందులు ఏవైనా ఉంటే అవి కూడా ఆ రోజు చీటీలో రాసి తీసుకెళ్లండి.